అమ్మమ్మ లాగిన్ కాలేదు

లాండ్రీ అమ్మమ్మకు కారు నానమ్మంటే పడదు. ఎందుకు పడదయ్యా అంటే, చూపించడానికి ఒక్క తప్పు కూడా దొరకదు. అసలు బాధంతా అక్కడే ఉంది. వియ్యపురాలు గయ్యాళిదైతే నలుగురితో చెప్పుకుని కడుపుబ్బరం తీర్చుకోవచ్చు. కోడల్ని రాచిరంపాన పెట్టేదైతే కూతురి తరఫున వెళ్ళి నిలదీయవచ్చు. ఈవిడ అదీ కాదు, ఇదీ కాదు. కోడలు ఆఫీసులో ఉంటే మనవరాలిని బడినుంచి తానే తెస్తుంది. జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ, "వదినగారూ, ఒంట్లో ఎలా ఉంది? అన్నయ్యగారి నడుం నొప్పి తగ్గిందా?" అని ముందు తానే అడుగుతుంది. ఇంత మంచి మనిషిని ఏమని తిట్టుకోవాలి?

ఆ పేర్లు మనవరాలు పెట్టినవే. అమ్మమ్మా తాతయ్యా కలిసి ఒక డ్రైక్లీనింగ్ షాపు నడుపుతారు. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో యంత్రాలు, ఆవిరి ఇస్త్రీ బల్ల, మేడ మీద కాపురం. ఇస్త్రీ పని తాతయ్యది, మరకలు వదిలించే పని అమ్మమ్మది. నానమ్మది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాడు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కినా, "కంగారేం లేదు, కాలు మెల్లగా పైకి తీయండి," అని చెప్పగల గొంతు ఆవిడది. కూతురూ అల్లుడూ కాపురముండేది నానమ్మ ఇంటి పక్క వీధిలోనే. అమ్మమ్మ ఊరినుంచి అక్కడికి వెళ్ళాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అంటే మనవరాలిని నానమ్మ రోజూ చూస్తుంది, అమ్మమ్మ సెలవులకు చూస్తుంది.

ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుందని ఆ పిల్లను అందరూ ఉడత అంటారు. ఉడతకు మొదటి పన్ను ఊడినప్పుడు, ఆ పన్ను నానమ్మ అరచేతిలో ఉన్న ఫొటో వచ్చింది. అమ్మమ్మ ఆ ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, పన్ను సంగతి వదిలేసి, ఆ అరచేతి వంకే చూస్తూ కూర్చుంది. కిందటి సెలవులకు వచ్చినప్పుడు పిల్ల మేడ మెట్లు దిగుతూ, "ముందు అద్దం చూసుకోవాలి, తర్వాతే కదలాలి," అని తనలో తాను అనుకుంటూ దిగింది. అవి ఎవరి మాటలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మమ్మకు కళ్ళలో కారం పడ్డట్టయింది.

ఆ సెలవుల్లోనే ఉడత అమ్మమ్మకు ఒక ఆట నేర్పింది. దాని పేరు పూలదీవి. ఆడేవాళ్ళు ఒక్కొక్కరికీ సముద్రంలో ఒక చిన్న దీవి ఇస్తారు. అందులో విత్తనాలు నాటుకోవాలి, నీళ్ళు పోసుకోవాలి, పడవెక్కి ఒకరి దీవికి ఒకరు వెళ్ళిరావచ్చు. మొక్కలు మాత్రం నిజం మొక్కల్లాగే రోజుల తరబడి ఎదుగుతాయి. ఉడత అమ్మమ్మ టాబ్లెట్‌లో ఆటను ఎక్కించి, ఆమె బొమ్మకు నీలం ఏప్రను తొడిగింది.

"నేను బడినుంచి వచ్చాక రోజూ నీ దీవికి వస్తానమ్మమ్మా. నువ్వు ఒడ్డున నిలబడి ఉండాలి," అంది.

నిలబడింది. ప్రతి సాయంత్రం షాపులో కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, టాబ్లెట్‌ను బిల్లుల యంత్రానికి ఆనించి, అమ్మమ్మ తన దీవి ఒడ్డున నిలబడేది. దూరంనుంచి ఎర్ర పడవ కనిపించగానే ఆమె ముఖం విప్పారేది. కోట్లు, చీరలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు, "అక్కా, ఒక్క నిమిషం ఇటు చూడు," అని బతిమాలుకోవాల్సి వచ్చేది. పెళ్ళై కూతురు వెళ్ళిపోయాక రోజూ ఒకరికోసం ఎదురుచూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక సాయంత్రం ఎర్ర పడవలోంచి ఇద్దరు దిగారు. ఉడత వెనకాల నెత్తిన తెల్ల టోపీ పెట్టుకున్న ఇంకో బొమ్మ.

"అమ్మమ్మా, నానమ్మ కూడా చేరింది!" అని ఉడత ఆటలోనే రాసి పంపింది.

పక్క వీధి చాల్లేదు, బడి చాల్లేదు, పన్ను చాల్లేదు, ఇప్పుడు సముద్రం మధ్యలో ఉన్న దీవి కూడా కావాల్సి వచ్చిందన్నమాట ఆవిడకి. పైగా నానమ్మ ఏ పని నేర్చుకున్నా శ్రద్ధగా నేర్చుకునే మనిషి. చూస్తూండగానే ఆవిడ దీవిలో అద్దాల గది లేచింది, వంతెన వచ్చింది, బాతులు తిరిగాయి. అమ్మమ్మ దీవిలో ఇంకా బంతిపూలే.

అప్పుడు పోటీ మాట వచ్చింది. నెలాఖరు ఆదివారం ఆటలో దీవుల పోటీ ఉంది, ఇద్దరిద్దరు జట్టుగా ఆడాలి. ఎవరిని జట్టు కట్టుకోవాలో ఉడత చాలా ఆలోచించి ఒక పద్ధతి పెట్టింది. "మీ ఇద్దరూ నీలిచుక్క నాటండి. ఎవరిది ముందు పూస్తే వాళ్ళే నా జట్టు."

అమ్మమ్మ ఆ సాయంత్రమే నాటింది. రోజూ చూసుకుంది. వారం గడిచేసరికి ఆకులైతే వచ్చాయి.

"మీ నానమ్మది ఎంతవరకు వచ్చిందే?" అని అడిగింది ఏమీ పట్టనట్టు.

"మొగ్గ వేసేసింది. బొద్దుగా ఉంది," అంది ఉడత.

బొద్దుగా ఉందట! అమ్మమ్మకు అన్నం సహించలేదు.

మర్నాడు పక్క సందులో ఉండే టాక్సీ డ్రైవరు తన యూనిఫారం కోటు తీసుకోవడానికి వచ్చి, కౌంటరు మీది టాబ్లెట్ చూసి నవ్వాడు. "అక్కా, మీరు కూడానా? మా ఆవిడా ఇలాంటిదే ఆడేది. కానీ ఆవిడకి ఓపిక తక్కువ. టాబ్లెట్‌లో తేదీ ముందుకు జరిపేసేది. రోజులు గడిచిపోయాయనుకుని మొక్క గబగబా ఎదిగిపోయేది. పొద్దున నాటి మధ్యాహ్నం కోసుకునేది."

"అది మోసం కాదూ?"

"మొక్కకి తెలిస్తే కదక్కా," అని కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ ఒక తెల్ల చొక్కా కాలరు రుద్దింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. తర్వాత తాతయ్యతో, "ఏవండీ, వెనక ఆవిరి ఎక్కువగా పోతున్నట్టుంది, చూడండి," అంది. ఆయన వెనక గదిలోకి వెళ్ళగానే టాబ్లెట్ తీసి సెట్టింగులు తెరిచింది. తేదీ కనిపించింది గానీ కదల్లేదు. దాని పైన ఆటోమేటిక్ అని ఒక మీట ఉంది. దాన్ని పక్కకు జరపగానే మూడు చక్రాలు వచ్చాయి, రోజుకొకటి, నెలకొకటి, ఏడాదికొకటి. వేళ్ళకు ఇంకా సబ్బు తడి ఉంది. చక్రాలు జారిపోయి ఎక్కడెక్కడో తిరిగి ఆగాయి. ఎక్కడ ఆగితేనేం, ముందుకేగా అనుకుని ఆట తెరిచింది. గుండ్రంగా ఒక చుక్క తిరుగుతూనే ఉంది.

ఇంతలో తలుపు గంట మోగింది. ఎవరో సూటు తెచ్చారు. అమ్మమ్మ దొంగతనం చేస్తూ దొరికినదానిలా ఉలిక్కిపడి, గబగబా రోజు చక్రాన్ని ఇవాళ్టికి, నెల చక్రాన్ని ఈ నెలకి తిప్పేసి, టాబ్లెట్‌ను బోర్లా పెట్టేసింది. అమ్మయ్య, ఎవరూ చూడలేదు. ఇలాంటి చెత్తపనులు మనకెందుకు అని తనకు తానే బుద్ధి చెప్పుకుని, ఆ సంగతి అక్కడితో మర్చిపోయింది.

సాయంత్రం ఉడత వచ్చే వేళకు ఆట తెరిస్తే, దీవి రాలేదు. తెల్లని తెర మీద నాలుగు ముక్కలు వచ్చాయి: "సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోతున్నాం. మీ ఇంటర్నెట్ సరిచూసుకుని మళ్ళీ ప్రయత్నించండి."

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే ముక్క. టాబ్లెట్ ఆపి మళ్ళీ వేసింది. పాస్‌వర్డ్ తప్పేమోనని అక్షరం అక్షరం నోటితో పలుకుతూ కొట్టింది. తాతయ్యను పిలిచి నెట్ డబ్బా తీగ పీకించి, దానిమీద లైట్లన్నీ ఆరేవరకూ ఆగి, మళ్ళీ పెట్టించింది. పచ్చ లైటు బుద్ధిగా వెలిగింది. తాతయ్య ఫోన్‌లో క్రికెట్ కూడా వచ్చింది. అమ్మమ్మ దీవి మాత్రం రాలేదు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించి వినిపించి, చివరికి ఒకమ్మాయి పలికి, "మా వైపు అంతా బాగానే ఉందండీ," అంది.

వాళ్ళ వైపు బాగుండి, డబ్బా బాగుండి, పాస్‌వర్డ్ బాగుంటే ఇక లోపం ఎక్కడుంది? అమ్మమ్మకు తట్టింది.

"ఆవిడే ఏదో చేసుంటుంది," అంది.

"ఎవరు?" అన్నాడు తాతయ్య.

"ఇంకెవరు, మీ చెల్లెలుగారు. పిల్ల దగ్గర ఫోన్ తీసుకుని నా పేరు కొట్టేయించి ఉంటుంది. మొగ్గ వేసింది కదా, ఇక నేనెందుకు అడ్డం?"

తాతయ్య ప్యాంటు మడత మీద ఇస్త్రీ ఆపకుండా, "ఆవిడ కారు నడపడం నేర్పుతుంది గానీ, సర్వర్లు ఆపడం కూడా నేర్పుతుందా?" అన్నాడు.

"మీకు ఆవిడంటే వెనకేసుకు రావడమే సరిపోయింది."

కూతురికి ఫోన్ చేసింది. కూతురు ఆఫీసులో హడావిడిగా ఉంది. "నాకా ఆట సంగతి ఏం తెలుసమ్మా? అత్తయ్యగారికి చెయ్యి, చిటికెలో చెప్పేస్తారు. మొన్న మా ఆఫీసు లాప్‌టాప్ కూడా ఆవిడే బాగుచేశారు."

కన్నకూతురి నోట్లోంచి వచ్చిన ఆ ముక్క సూదిలా దిగింది. "అక్కర్లేదు. నా తంటాలు నేను పడతాను," అని పెట్టేసింది.

ఆ తంటాలేమిటో ఆమెకే తెలియాలి. సాయంత్రాలు స్టూలు మీద కూర్చుని తెల్లటి తెర వంక చూసేది. తెర తెల్లగా ఉన్నా ఆమెకు అందులో అన్నీ కనిపించేవి. ఎర్ర పడవ ఆగుతుంది. తెల్ల టోపీ వంగి ఉడతకు చెయ్యందిస్తుంది. ఇద్దరూ అద్దాల గదిలోకి వెళ్తారు. బొద్దుగా ఉన్న మొగ్గ పక్కన నిలబడి, "అమ్మమ్మ రాలేదేంటి నానమ్మా?" అని పిల్ల అడిగితే, "ఏమోనమ్మా, పనుందేమో," అని ఆవిడ ఎంతో మెత్తగా అంటుంది. ఆ మెత్తదనమే అమ్మమ్మకు నిప్పులా తగిలేది. ఒకరోజు ఆ ధ్యాసలో పట్టు చీరను ఊలు బట్టల గుట్టలో వేసేసింది. తాతయ్య చూసి తీయకపోతే కొంప మునిగేదే.

చివరికి ఉడతే ఫోన్ చేసింది. తాతయ్య ఫోన్‌కు, వీడియోలో.

"అమ్మమ్మా, ఎందుకు రావట్లేదు? అలిగావా?"

"నేనెందుకు అలుగుతానే? ఆట తెరుచుకోవట్లేదు. ఏదో సర్వర్ అట."

"ఉండు, నానమ్మకిస్తా."

"వద్దొద్దు, ఎందుకూ..." అనేలోపే ఫోన్ చేతులు మారిపోయింది. తెర నిండా నానమ్మ ముఖం, ఆవిడ భుజం మీంచి తొంగిచూస్తూ ఉడత ముఖం, దాని చేతిలో సగం కొరికిన బిస్కెట్టు.

"నమస్కారం వదినగారూ. ముందే చెప్పి ఉంటే చూసేదాన్ని కదా. తొందరేం లేదు, ఒక్కొక్కటే చూద్దాం. తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవండి."

అమ్మమ్మ పళ్ళ బిగువున చదివింది.

"మంచిది. ఇప్పుడు మనం మాట్లాడుతున్న ఈ ఫోన్ మీ ఇంటి వైఫై మీదే నడుస్తోందా?"

"దాని మీదే."

"అయితే రోడ్డు బాగానే ఉంది. బండిలోనే ఏదో ఉంది."

"మా బండికేం? కొని ఏడాదైనా కాలేదు, బంగారంలా ఉంది," అంది అమ్మమ్మ.

"బంగారమే వదినగారూ. బంగారం లాంటి బండికి కూడా ఒక్కోసారి హ్యాండ్ బ్రేకు దించడం మర్చిపోతాం. ఆట వదిలేసి ఇంకేదైనా తెరవండి. వాతావరణం చూడండి పోనీ."

అమ్మమ్మ ఆ టాబ్లెట్‌లో ఆట తప్ప మరొకటి ఎప్పుడూ తెరిచిందే లేదు. వెతికి వెతికి తెరిస్తే అదీ రాలేదు. ఈ పేజీ సురక్షితం కాదు అని ఏదో ఎర్రటి గుర్తు వచ్చింది.

నానమ్మ ఆ మాట విని, "అలాగా," అంది. "సెట్టింగుల్లోకి వెళ్ళండి. అందులో తేదీ, సమయం అని ఉంటుంది."

ఆరోజు తిప్పిన చక్రాలు అమ్మమ్మకు అప్పుడు గుర్తొచ్చాయి. ఇంతవరకూ తట్టనే లేదు. "తేదీ సరిగ్గానే ఉందండీ. నేను చూశాను," అంది కంగారుగా.

"ఉండే ఉంటుంది. నాకు కూడా ఒక్కసారి చూపించండి. అన్నయ్యగారూ, ఫోన్ కొంచెం అటు తిప్పుతారా?"

తాతయ్య నిక్షేపంగా తిప్పాడు. ఆ క్షణంలో ఆయన్ను ఆవిరి బల్ల మీద పడేసి ఇస్త్రీ చేసినా పాపం లేదనిపించింది అమ్మమ్మకు. తెర మీద మూడు చక్రాలు నిలబడి ఉన్నాయి. రోజు ఇవాళ్టిదే. నెల ఈ నెలే.

"వదినగారూ," అంది నానమ్మ నెమ్మదిగా, "మీరు వచ్చే ఏడాదిలో ఉన్నారు."

ఉడత పకపకా నవ్వింది. "అమ్మమ్మ వచ్చే ఏడాదికి వెళ్ళిపోయింది! అందుకే మనకి కనబడట్లేదు! ఎలా వెళ్ళావమ్మమ్మా? ఎవరు మార్చారు?"

అమ్మమ్మకు చెవులు వేడెక్కాయి. ఆటోమేటిక్ మీట ఆపేసి ఉన్న సంగతి తెర మీద నిక్కచ్చిగా కనబడుతోంది. అది దానంతట అది ఆగేది కాదు, ఎవరో ఒకరు వేలు పెట్టి జరపాల్సిందే. ఆ సంగతి నానమ్మకు తెలియదా? నానమ్మ కళ్ళు ఆ మీట మీద ఆగడం అమ్మమ్మ చూసింది. ఆగి, పక్కకు తప్పుకోవడం కూడా చూసింది.

"ఎవరూ మార్చలేదే," అంది నానమ్మ మనవరాలితో. "చార్జింగ్ మొత్తం అయిపోతే ఒక్కోసారి గడియారం దారి తప్పుతుంది. పాత కార్లలోనూ అంతే, బ్యాటరీ మారిస్తే మళ్ళీ దిద్దుకోవాలి. ఈ టాబ్లెట్ వచ్చే ఏడాది అంటోంది, సర్వర్ ఈ ఏడాది అంటోంది. ఎవరో దొంగలనుకుని అది తలుపు తీయలేదు. వదినగారూ, ఆ పైనున్న మీట కుడివైపుకి జరపండి. ఇక దానంతట అదే చూసుకుంటుంది."

అమ్మమ్మ జరిపింది. ఏడాది చక్రం మాయమై సరైన తేదీ వచ్చింది. ఆట తెరిచింది. చుక్క ఒకటి రెండుసార్లు తిరిగి, సముద్రం వచ్చింది, పడవ వచ్చింది, ఒడ్డు వచ్చింది.

ఎండి మాడిపోయి ఉంటుందనుకున్న తోట పచ్చగా కళకళలాడుతోంది. నీలిచుక్క మొక్కకు మొగ్గ వేసి ఉంది. ఒడ్డున ఉన్న చెక్క పలక మీద, ఆమె రాని సాయంత్రాలన్నిటికీ ఒకే ముక్క రాసి ఉంది: "నీళ్ళు పోసి వెళ్ళాను. కారు నానమ్మ."

"స్నేహితుల తోటలకి కూడా నీళ్ళు పోయొచ్చమ్మమ్మా! నానమ్మే గుర్తుపెట్టుకుని పోసింది," అంది ఉడత.

"థాంక్సండీ వదినగారూ," అంది అమ్మమ్మ. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో ఆమెకే తెలుసు.

ఫోన్ పెట్టేశాక వెనక గదిలోకి వెళ్ళి తాతయ్య మీద పడింది. "ఒక్క మాట అని ఉంటే పోయేది కదా! 'ఏం వదినగారూ, దొంగాట ఆడారా' అని పిల్ల ముందు అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. అనదు. కాపాడుతుంది. నా మొగ్గకి కూడా ఆవిడే దిక్కు. ఇంత మంచితనం ఎవరడిగారండీ ఆవిడ్ని?"

"ఇస్త్రీ పెట్టె కంటే ఎక్కువ కాలుతున్నావు," అన్నాడు తాతయ్య. "కొంచెం దూరంగా నిలబడు, బట్టలున్నాయి."

ఆమెకు నవ్వు రాలేదు. తెలివిలో ఓడిపోయినా, మనవరాలికి దగ్గరగా ఉండటంలో ఓడిపోయినా మనసుకు ఏదో సర్దిచెప్పుకోవచ్చు. మంచితనంలో కూడా ఆవిడే ముందుంటే ఇక తనకంటూ మిగిలిందేమిటి? ఆ సాయంత్రం అమ్మమ్మ ఒక పాత ఉన్ని శాలువా మీది మరకతో చాలాసేపు కుస్తీ పట్టింది. మరక పోయింది. మనసులోది అక్కడే ఉంది.

శనివారం పొద్దున నానమ్మ నీలిచుక్క పూసింది. సాయంత్రానికి అమ్మమ్మదీ పూసింది. ముందు ఎవరిదో ఇక లెక్క చూడక్కర్లేదు. ఆదివారం ఎలా ఉంటుందో అమ్మమ్మ ముందే ఊహించుకుని, మనసు గట్టి చేసుకుని, ఓడినా మర్యాదగా వెళ్ళి చప్పట్లు కొట్టాలని తీర్మానించుకుంది.

ఆదివారం షాపు మూసి, మేడ మీద కిటికీ పక్కన కూర్చుని పోటీ దీవికి వెళ్ళింది. అక్కడ జనమే జనం. ఉడత బొమ్మ కనిపించింది. దాని చెయ్యి పట్టుకుని ఉన్నది తెల్ల టోపీ కాదు. రెండు జడలు, పసుపు గౌను వేసుకున్న ఎవరో పిల్ల.

"అమ్మమ్మా, ఇది మా క్లాసులో కొత్తగా చేరింది. దీని దీవిలో జారుడుబండ ఉంది తెలుసా! నా జట్టు ఇదే," అని ఉడత రాసింది. "నువ్వూ నానమ్మా అక్కడ బెంచీ మీద కూర్చుని చూడండి." అలా రాసి పరుగెత్తుకుపోయింది.

అమ్మమ్మకు ముందు కలిగింది సంతోషమే, నిజం చెప్పాలంటే. పువ్వు ముందు పూయించుకున్నావిడకు ఏం దక్కింది? ఏమీ దక్కలేదు! ఆ సంతోషం బెంచీ దగ్గరికి వెళ్ళేవరకు కూడా నిలవలేదు. ఈ పసుపు గౌను ఎవరు? నిన్నగాక మొన్న చేరిన పిల్లట. రోజూ ఒడ్డున నిలబడిందా? నీలిచుక్కకోసం అన్నం మానేసిందా?

బెంచీ మీద తెల్ల టోపీ అప్పటికే కూర్చుని ఉంది. నీలం ఏప్రను వెళ్ళి పక్కన కూర్చుంది. కూర్చోగానే తాతయ్య ఫోన్ మోగింది. నానమ్మే.

"వదినగారూ, చూశారా?" అంది. ఎదురుగా లారీ వచ్చినా చెక్కుచెదరని ఆ గొంతు ఇవాళ ఒణికింది. "పొద్దుట్నుంచీ ఆ పిల్ల జపమే. నా పువ్వు పూసిందే చూడు అంటే, 'తర్వాత నానమ్మా' అంది. ఏదో జారుడుబండట! ఆ జారుడుబండకి నెల్లాళ్ళు నీళ్ళు పోశారా ఎవరైనా? ఆ పిల్ల జడలు చూడండి, ఆ గెంతులు చూడండి."

అమ్మమ్మ ఫోన్‌ను చెవికి ఇంకాస్త ఆనించుకుంది. చెవులారా వినాలనిపించింది. తన కడుపులో ఇన్నాళ్ళూ రగులుతున్నదే అవతలి ఊళ్ళో ఇంకో కడుపులో రగులుతోంది.

"మీకేమండీ," అంది ఆపుకోలేక. "ఇవాళ కాకపోతే రేపు మీ ఒళ్ళోనే కూర్చుంటుంది. రోజూ చూసుకుంటారు. పన్ను ఊడినా మీ చేతిలోనే. నాలాంటిదాని సంగతి చెప్పండి."

"రోజూ చూస్తే ఏం లాభం వదినగారూ? రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?" అంది నానమ్మ. "మీ దగ్గరికి సెలవులకు వెళ్ళి వచ్చాక నా ప్రాణం తీసేస్తుంది. 'అమ్మమ్మ అయితే ఇలా దువ్వుతుంది, అమ్మమ్మ దుప్పటి వెచ్చగా ఉంటుంది, అమ్మమ్మ షాపు వాసన బాగుంటుంది.' డ్రైక్లీనింగ్ వాసన బాగుండటమేమిటండీ? సెలవులు దగ్గరపడుతున్నాయంటేనే నాకు దిగులు. పైకి మాత్రం రైలెక్కించి నవ్వుతూ చెయ్యూపుతాను. ఈ ఆటలో చేరింది కూడా ఎందుకనుకున్నారు? బడినుంచి వచ్చీ రాగానే నన్నొదిలేసి మీ ఒడ్డుకే పరుగెడుతోందని."

అమ్మమ్మ అడిగింది, "దుప్పటి గురించి ఏమంటుందన్నారు? మళ్ళీ చెప్పండి."

నానమ్మ మళ్ళీ చెప్పింది. అమ్మమ్మ మళ్ళీ వింది. అంతటితో ఆగకుండా పాత సంగతులన్నీ తవ్వుకున్నారు. ఎవరు కొన్న గౌను ఎక్కువసార్లు వేసుకుంది, ఎవరి పాటకి నిద్రపోయింది, ఎవరి ముక్కు వచ్చిందని ఎవరన్నారు. మధ్యలో నానమ్మ గొంతు తగ్గించి, "అడగకూడదు గానీ వదినగారూ, ఆ తేదీ జరిపితే నిజంగానే పువ్వు ముందు పూస్తుందా?" అంది.

"పూయదండీ. మెడపట్టి బయటికి గెంటేస్తుంది," అంది అమ్మమ్మ. ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. తాతయ్య గుమ్మంలోకి వచ్చి చూసి, ఎవరితో మాట్లాడుతోందో అర్థమై, నమ్మకం కుదరక అక్కడే నిలబడ్డాడు.

పోటీ అయిపోయింది. ఉడత జట్టు చిట్టచివర వచ్చింది. పసుపు గౌను పిల్ల మధ్యలోనే ఆట వదిలేసి జారుడుబండ ఎక్కడానికి తన దీవికి వెళ్ళిపోయిందట. ఉడత ఒక్కతే బెంచీ దగ్గరికి వచ్చి, ఇద్దరి ముందూ నిలబడింది.

"అమ్మమ్మా, నానమ్మా, నేనొచ్చేశా. మనం ముగ్గురం ఆడదాం," అని రాసింది. బెంచీ మీద ఇద్దరూ కదల్లేదు. మళ్ళీ రాసింది. చివరికి ఫోన్‌లోనే దాని గొంతు వినిపించింది, నానమ్మ పక్కకి వచ్చి కొంగు లాగుతున్నట్టుంది.

"ఎవరితో నానమ్మా ఇంతసేపు?"

"అమ్మమ్మతోనే. ఉండవే, మాట్లాడుకుంటున్నాం."

"నాకియ్యి ఫోను."

"అయ్యాక ఇస్తాలే."

"అమ్మమ్మ నాతో మాట్లాడాలి గానీ నీతో ఎందుకు మాట్లాడుతోంది?" అంది ఉడత, మూతి ముడుచుకున్న సంగతి ఫోన్‌లోంచే తెలిసేలా.

అమ్మమ్మకు ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చినట్టయింది. మామూలుగా అయితే ఉన్నపళాన, "నా తల్లీ, ఇటివ్వమను," అని ఉండేది. ఇవాళ మాత్రం గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, "దాన్ని కాసేపు అలాగే ఉండనివ్వండి వదినగారూ," అంది. "మీరు మొదటి పన్ను ఊడిన రోజు సంగతి చెప్తున్నారు. ఏడ్చిందా అప్పుడు?"